ఆడని సోదరుల గోడ

మా కేంద్రం గురించి ఊళ్ళో అనుకుంటున్నదాంట్లో సగం అబద్ధం. మిగతా సగం ఫైలు చూసి చెబుతాను, నోటికొచ్చినట్టు చెప్పే అలవాటు నాకు లేదు. ముప్ఫై ఒక్క సంవత్సరాల సర్వీసులో నేను రూలు దాటి చేసిన పని ఒకే ఒక్కటి. అది కూడా మొన్న పదిహేనో తారీకు ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు చేశాను. ఎందుకు చేశానో అర్థం కావాలంటే మొదటినుంచీ రావాలి.

జిల్లా క్రీడా స్మృతి పరిరక్షణ కేంద్రం పాత పశువుల ఆసుపత్రి భవనంలో ఉంది. అందులో నేను స్వీకరణ విభాగం సీనియర్ అసిస్టెంటుని, పేరు ఉమామహేశ్వర పట్నాయక్. ఒకప్పుడు మా జిల్లా తరఫున ఆడినవాళ్ళ జెర్సీలు, కప్పులు, ఫోటోలు ఎవరైనా తెచ్చిస్తే తీసుకుని, రిజిస్టరులో ఎక్కించి, గాజు పెట్టెలో పెట్టి జనానికి చూపించడం మా పని. మా డైరెక్టరు సర్వేశ్వరం గారు మత్స్యశాఖ నుంచి డెప్యుటేషన్ మీద వచ్చారు. ఆయనకు ఆటల గురించి ఏమీ తెలియదని గిట్టనివాళ్ళంటారు. చేపల గురించి కూడా తెలియదని మత్స్యశాఖవాళ్ళే అన్నారు కాబట్టి ఆయన ఏ శాఖకూ అన్యాయం చేయలేదు.

మా గుమ్మం పక్కన ఒక బోర్డు ఉంటుంది. ఉద్యోగుల పేర్లు ఒక వరుసలో, వాటి ఎదురుగా 'హాజరు', 'గైర్హాజరు', 'డ్యూటీపై' అని మూడు గళ్ళు. మనిషి తన చోట లేకపోవడానికి డైరెక్టరు గారి దృష్టిలో చెల్లుబాటయ్యే కారణం ఒక్కటే, డ్యూటీపై ఉండడం. జ్వరాలు, పెళ్ళిళ్ళు, చావులు ఆయన లెక్కలో కారణాలు కావు, సాకులు. ఆయన పేరు ఎదురుగా మాత్రం కేంద్రం తెరిచిన రోజు నుంచీ 'డ్యూటీపై' అనే ఉంది.

ఇక సర్క్యులర్ నంబరు ఏడు సంగతి. కేంద్రం తెరిచిన కొత్తలో 'హాకీ సోదరులు' అని రెండు ఫోటోలు పెట్టాం. ఒకాయనకు మీసం ఉంది, ఇంకొకాయనకు లేదు. చూడడానికి వచ్చిన ఓ ముసలాయన ఆ రెంటి ముందు చాలాసేపు నిలబడి, "రెండూ నేనే. పెళ్ళికి ముందొకటి, పెళ్ళయ్యాక ఒకటి," అన్నాడు. మా పరువు పోయింది. ఇలాంటిది మళ్ళీ జరగకూడదని డైరెక్టరు గారు ఆ వారమే సర్క్యులర్ ఏడు జారీ చేశారు. అన్నదమ్ములుగా చెప్పబడుతున్న క్రీడాకారులకు సంబంధించిన ఏ వస్తువునైనా, వారి సోదరత్వం నిర్ధారణ అయ్యేవరకూ సీలు వేసి భద్రపరచాలి, ప్రదర్శించరాదు, ఎవరికీ చూపరాదు. మంచి సర్క్యులర్. ఇప్పటికీ నాకు ఒక్క కామా కూడా మార్చాలనిపించదు.

అది జారీ అయిన నాలుగో రోజున మంగతాయారు గారు వచ్చారు. ఆవిడ హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరయ్యారు. అరవై ఎనిమిదేళ్ళ వయసులో కూడా మెట్లెక్కి వచ్చి ఆయాసపడని మనిషి. చేతిలో తుప్పు పట్టిన రేకు డబ్బా ఉంది. మూత మీద రెండు చిలకల బొమ్మ.

"జోడు చిలకల టీ అని వచ్చేది, గుర్తుందాండీ? మీరు అప్పటికి పుట్టుండరు," అన్నారు కూర్చుంటూ. "పొట్లంలో ఓ కార్డు పెట్టేవాడు. జిల్లాలో జీతానికి ఆడే అన్నదమ్ముల బొమ్మలు. మిల్లుల టీములు, పోర్టు టీము, కరెంటాఫీసు టీము. మొత్తం పన్నెండు జతలు, ఇరవై నాలుగు కార్డులు. అన్నీ పోగుచేస్తే సైకిలిస్తానన్నాడు. మా ఇంట్లో ఒక్కరూ టీ తాగేవారు కాదు. నేను వీధి వీధంతటికీ టీ అలవాటు చేశానండీ, కార్డుల కోసం. పదకొండేళ్ళప్పుడు మొదలెడితే చివరి కార్డు దొరికేసరికి నాకు నలభై ఆరు. కంపెనీ ఎప్పుడో ఎత్తేశారు. సైకిలు రాలేదు."

డబ్బా తెరిచి కార్డులు బల్ల మీద పరిచారు. వాటి తమాషా ఏమిటంటే, ఏ కార్డుకి ఆ కార్డు చూస్తే సగమే. అన్న కార్డు కుడి అంచున సగం బంతి ఉంటుంది, తమ్ముడి కార్డు ఎడమ అంచున మిగతా సగం. రెండూ ఆనించి పెడితేనే బంతి అవుతుంది. అన్న కార్డు చిన్నప్పుడే దొరికి, తమ్ముడిది అన్నిటికన్నా చివర దొరికిందన్న జత ఆవిడ నా ముందుకు జరిపారు. జనపనార మిల్లు వాలీబాల్ టీము, లెంక సింహాద్రి, లెంక గౌరయ్య. అన్న రెండు చేతులూ పైకెత్తి బంతి లేపుతున్నాడు, తమ్ముడు గాల్లోకి ఎగిరి కొట్టబోతున్నాడు. స్టూడియోలో తీసిన ఫోటో కాబట్టి వల పరదా మీద గీసింది, తమ్ముడి పాదం కింద స్టూలు అంచు కనబడుతోంది, బంతి ఓ పురికొసకు వేలాడుతోంది. నేను నిబంధనల ప్రకారం రిజిస్టరులో 'లోపములు' అనే గడిలో, 'బంతికి పైభాగమున దారము వంటి గీత' అని రాశాను.

"అది లోపం కాదండీ, పురికొస. ఎవరు పట్టుకున్నారో పాపం అని చిన్నప్పుడు తెగ అనుకునేదాన్ని," అన్నారు ఆవిడ.

ఇరవై నాలుగు కార్డులూ తీసుకుని, రసీదు ఇచ్చి, కవర్లలో పెట్టి లక్క సీలు వేసేశాను. సీలు వేశాక సర్క్యులర్ ఏడు ఆవిడ చేతికిచ్చాను. ఆవిడ దాన్ని రెండుసార్లు చదివారు.

"వీళ్ళు అన్నదమ్ములని నేను రుజువు చెయ్యాలా? కార్డు మీదే ఉంది కదండీ!"

"కార్డు కంపెనీ చెప్పిన మాట అదండీ. కేంద్రం విన్న మాట కాదు."

"ఇది ముందే చెప్తే డబ్బా పట్టుకుని ఇంటికిపోయేదాన్ని."

"అందుకేనండీ తర్వాత చెప్పడం," అన్నాను. నిజాయితీగానే అన్నాను, ఆవిడకు కోపం ఎందుకొచ్చిందో అప్పట్లో నాకు అర్థం కాలేదు.

పట్టుదల మనిషి. పన్నెండు జతల ఊళ్ళూ ఆరా తీస్తూ తిరిగారు. చాలామంది పోయారు, వాళ్ళ పిల్లలు ఏవో కాగితాలిచ్చారు. లెంకవారి కోసం మూతపడ్డ జనపనార మిల్లు వెనకాల లైన్లలోకి వెళ్ళి వాకబు చేస్తే, అరుగు మీద కూర్చున్న ముసలాయన, "నానే సింహాద్రిని, ఏటి కావాల?" అన్నాడట. గౌరయ్య పోయి పదేళ్ళయింది. సింహాద్రికి ఎనభై నాలుగు. మరుసటి సోమవారం ఆయన్ని ఆటోలో ఎక్కించుకుని ఆఫీసుకే తీసుకొచ్చేశారు మంగతాయారు గారు.

పొడుగాటి మనిషి, వేళ్ళు మాత్రం వంకర్లు తిరిగిపోయాయి. బల్ల అంచు తడుముకుని కూర్చున్నాడు.

"బాబూ, ఆ బొమ్మలు రెండూ కలిపి నాను సూడనేదు," అన్నాడు. "కంపినీవోడు ఎవుడి బొమ్మ ఆడికిచ్చినాడు. నాది వరదలో పోనాది. మా గౌరయ్యది మా మరదలు తీసుకెలిపోనాది. రెండూ కలిపి బంతి సేసి సూద్దామనుకున్నాం, అవనేదు. ఇప్పుడు సూత్తే ఈ కన్ను పోనాది, ఈ కంటికి నీటికాసులంట. వానలెల్లేసరికి ఇదీ పోద్దని డాట్రుబాబు సెప్పినాడు. బేగి ఓపాలి సూపించీయండి, ఎలిపోతాను."

ఆయన అడిగింది అంతే. బీరువా నా వెనకాలే ఉంది, తాళంచెవి నా జేబులో ఉంది. అయినా నేను ఫైలు పట్టుకుని డైరెక్టరు గారి గదిలోకి వెళ్ళాను.

సర్వేశ్వరం గారు ఫైలు మూసి, కళ్ళద్దాలు తీసి, బయటికి వచ్చారు. ముసలాయనకు నమస్కారం పెట్టారు, అది చెప్పాలి.

"పెద్దాయనా, మీ విజ్ఞప్తి సానుభూతితో పరిశీలించబడింది. స్థూలదృష్టితో చూస్తే ఇది మానవీయ అంశం. సూక్ష్మదృష్టితో చూస్తే ఇది సర్క్యులర్ ఏడు. మీరు ఆ కార్డులోని వ్యక్తి సోదరుడని నిర్ధారణ అయితే కార్డులు చూపడానికి కేంద్రానికి ఏ అభ్యంతరమూ ఉండబోదు."

"నానే ఆ కార్డులో ఉన్నోడిని, బాబూ."

"అది పోల్చి చూడవలసి ఉంటుంది."

"అయితే పోల్చండి! కవరు విప్పి ఆయన మొహం పక్కన పెట్టి చూడండి!" అన్నారు మంగతాయారు గారు.

"నిర్ధారణ కానిదే సీలు విప్పరాదు కదమ్మా," అన్నారు డైరెక్టరు గారు ఎంతో ఓపికగా.

సోదరత్వ నిర్ధారణ ఉపసంఘం సమావేశపరిచాం. డైరెక్టరు గారు అధ్యక్షులు, నేను కన్వీనరు. భవనం ఒప్పందంలో షరతు ఉంది కాబట్టి పశువుల డాక్టరు గారు శాశ్వత సభ్యులు. పశువులకైతే చెవికి పోగు ఉంటుంది, తల్లి నంబరు అందులోనే ఉంటుంది, మనుషుల్లో ఈ సదుపాయం లేకపోవడం విచారకరమని ఆయన అభిప్రాయం వెలిబుచ్చారు. మినిట్సులో రాసుకున్నాను. చివరికి తహసీల్దారు ఆఫీసు నుంచి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తేవాలని తీర్మానించాం.

ఆ ధ్రువపత్రం చనిపోయినవాళ్ళ కుటుంబానికే ఇస్తారు. అంటే సింహాద్రి తండ్రి చనిపోయినట్టు ముందు రుజువు కావాలి. ఆయన పెద్ద తుఫాను వచ్చిన ఏడు పోయాడు, ఎవరూ ఎక్కడా రాయలేదు. అక్కడి గుమాస్తా, "మీ నాన్నగారు చనిపోయినట్టు ఆధారం ఏముంది?" అని అడిగితే, "బతికుంటే నూట ఇరవై ఏళ్ళుండాల, మీరే ఎతకండి," అన్నాడట సింహాద్రి. ఆర్డీవో గారి ఉత్తర్వు, పంచాయతీ విచారణ, ఇద్దరు సాక్షులు. ఆ ఇద్దరికీ కలిపి నూట డెబ్భై ఏళ్ళు. ప్రతి మెట్టు దగ్గరా మంగతాయారు గారు ముసలాయన చెయ్యి పట్టుకుని ఉన్నారు. వానాకాలం వచ్చింది. నాలుగు నెలలకు ధ్రువపత్రం వచ్చింది.

ఆవిడ దాన్ని జెండాలా పట్టుకుని వచ్చారు. నేను తీసుకుని చదివాను. లెంక పోలయ్య, మృతుడు. కుమారులు: ఒకటి సింహాద్రి, రెండు అసిరయ్య, మూడు గౌరయ్య.

"ఈ అసిరయ్య ఎవరండీ?" అన్నాను.

సింహాద్రి మొహం నా గొంతు వినబడిన వైపు తిరిగింది. "మా నడిపోడు. ఆడు ఆడనేదు బాబూ. ఆడికి తీరికేదీ?"

"ఎక్కడున్నారు?"

"లేడు. మా ముగ్గుర్లో ముందుగా ఆడే ఎలిపోనాడు."

డైరెక్టరు గారు ఆ కాగితం చూసి కుర్చీలో వెనక్కి వాలిపోయారు. గొప్ప ఆలోచన వచ్చినప్పుడు ఆయన అలా వాలతారు.

"పట్నాయక్ గారూ, మనమింతకాలం ఎంత ప్రమాదపుటంచున ఉన్నామో గ్రహించారా? ముగ్గురు సోదరులుండగా ఇద్దరినే సోదరులుగా ప్రదర్శించడం ఏకపక్షం. రేపు ఆ మూడో సోదరుని వారసులు వచ్చి, మా తండ్రి సోదరుడు కాడా అని ప్రశ్నిస్తే కేంద్రం వద్ద సమాధానమేది? సోదరత్వం అవిభాజ్యం. ఆట అనేది యాదృచ్ఛికం."

ఆ మధ్యాహ్నమే సర్క్యులర్ ఎనిమిది వెలువడింది. సోదర క్రీడాకారులను ప్రదర్శించేటప్పుడు, ఆ కుటుంబంలోని ఆడని సోదరుల ఛాయాచిత్రాలను కూడా సమాన పరిమాణంలో, పుట్టిన వరుసక్రమంలో ప్రదర్శించాలి. అందరివీ చేరేవరకూ ఏ సీలూ విప్పరాదు. ఏ సోదరుని స్థానమూ మార్చరాదు.

మంగతాయారు గారు అది చదివి నా బల్ల మీద గుద్దారు. సిరాబుడ్డి ఎగిరిపడింది.

"పుట్టిన వరుసంటే ఆ మధ్యాయన వీళ్ళిద్దరికీ మధ్యలో వస్తాడు. సగం బంతి ఇటు, సగం బంతి అటు, మధ్యలో ఆయన ఫోటో. అరవై ఏళ్ళ నుంచి ఆ బంతి కలవాలని చూస్తున్నాడండీ ఈయన! మీకు మనసొప్పుతుందా?"

"మనసుకి గడి లేదండీ ఈ ఫారంలో," అన్నాను. చమత్కారానికి కాదు, నిజంగానే లేదు.

సింహాద్రి మాత్రం మరుసటి వారం తమ్ముడి ఫోటో తెచ్చిచ్చాడు. అసిరయ్యకు ఉన్న ఫోటో అదొక్కటే, మిల్లు గేటు పాసు మీది బొమ్మ. కార్డంతే సైజు. చెమట పట్టిన మొహం, బొత్తాం లేని చొక్కా, నిద్ర లేని కళ్ళు. దాన్ని నా చేతిలో పెట్టేటప్పుడు ఆయన గబుక్కున వదల్లేదు.

ఆ తర్వాతి సంగతులకు నేను బాధ్యుణ్ణి కాను. మిగతా పదకొండు జతలవాళ్ళ పిల్లలిచ్చిన కాగితాలు కూడా తిరగేస్తే మొత్తం ముప్ఫై ఎనిమిది మంది ఆడని సోదరులు తేలారు. వీళ్ళ ఫోటోలు కావాలని పేపర్లో ప్రకటన వేశాం. అదొక్కటే మేం చేసింది. మూడో రోజుకి మా గేటు ముందు వరుస కట్టారు, కార్డుల్లో లేని ఆటగాళ్ళ తమ్ముళ్ళు కూడా, తలకొక పాస్‌పోర్టు ఫోటోతో.

మొదటివాడు ఎరువుల కొట్టు కొమరగిరి వెంకటపతి. ఆయన అన్న స్కూలు తరఫున ఒకసారి ఫుట్‌బాల్ ఆడాడు.

"మా అన్న ఆడాడంటే కారణం ఎవరండీ?" అని గట్టిగా అడిగాడు. "ఇంట్లో ఒకటే జత బూట్లు. ఆ బూట్లు నేను అడగలేదు. నేను అడిగుంటే ఆడునా? నా త్యాగానికి గుర్తింపు కావాలి."

వాదనలో పస ఉందని ఉపసంఘం భావించింది. పశువుల డాక్టరు గారికైతే కళ్ళు చెమర్చాయి, ఆయనకూ ఆటగాడైన అన్న ఉన్నాడట. నెల తిరక్కుండా 'ఆడని సోదరుల సంక్షేమ సంఘం' పుట్టింది. వెంకటపతి అధ్యక్షుడు. ఊరేగింపు తీశారు, ఆడని సోదరులందరూ బూట్లు లేకుండా నడిచారు. ఊళ్ళో పెళ్ళిచూపుల్లో కూడా "అబ్బాయి ఏం చేస్తుంటాడు?" అంటే, "ఆడని సోదరుడండీ, గుర్తింపు పొందినవాడు," అని చెప్పుకోవడం మొదలైంది.

గుర్తింపు ఇవ్వాలంటే వర్గీకరణ ఉండాలి. డైరెక్టరు గారు రెండు రాత్రులు ఇంట్లో కూర్చుని తయారుచేశారు. ఆడలేని సోదరులు మొదటి తరగతి. ఆడ ఇష్టపడని సోదరులు రెండో తరగతి. ఆడగలిగి, ఆడ ఇష్టపడి కూడా ఎంపిక కానివారు మూడో తరగతి, వీరికి ముందు వరుస కుర్చీలు. ఎంపిక కాలేదని రుజువేమిటంటే, ఎంపిక జాబితాలో పేరు లేకపోవడం. ఈ లెక్కన జిల్లాలో మగవాళ్ళంతా మూడో తరగతే అయ్యారు.

"మరి అక్కచెల్లెళ్ళ మాటేమిటి? ఆ జెర్సీలు ఉతికిందెవరు?" అని మంగతాయారు గారు నిలదీశారు.

"అది విధానపరమైన అంశమమ్మా. ప్రత్యేక గోడ అవసరమవుతుంది," అన్నారు డైరెక్టరు గారు. గోడ కోసం ప్రతిపాదన పంపాం. ఇప్పటికీ నడుస్తోంది.

ఆవిడ ప్రతి సోమవారం వచ్చి నా ఎదురుగా కూర్చునేవారు. మొదట్లో పోట్లాడేవారు, తర్వాత తర్వాత ఒకే ప్రశ్న. "ప్రదర్శనకి తారీకు వేశారా?" నేను లేదనేవాణ్ణి. ఆవిడ ముసలాయన కన్ను ఎంతవరకు వచ్చిందో చెప్పి వెళ్ళిపోయేవారు. ముందు వీధి చివరి స్తంభం కనబడలేదు, తర్వాత ఎదుటింటి గుమ్మం, ఆపైన కంచంలో అన్నం పక్కన కూర. నాకు ఆ సోమవారాలంటే భయం పట్టుకుంది. జేబులో తాళంచెవి గుచ్చుకునేది. అయినా రూలు రూలే కదా అని నాకు నేనే చెప్పుకునేవాణ్ణి.

ఎట్టకేలకు పదిహేనో తారీకు ఖాయమైంది. అప్పటికి ఫోటోలు నాలుగు వందల పన్నెండు. హాల్లో ఒక పెద్ద గోడకు గాజు బిగించి అందులోనే అన్నీ సర్దాం. దానికి 'ఆడని సోదరుల గోడ' అని డైరెక్టరు గారే పేరు పెట్టారు. ఆడిన ఇరవై నలుగురూ అందులో ఎక్కడెక్కడ ఉన్నారో వెతుక్కోవాలి. స్థలం చాలక హాల్లోని కప్పులు, జెర్సీలు మందుల గదిలోకి మార్చేశాం.

ఉదయం పదకొండుకు రిబ్బను కత్తిరించారు. వెంకటపతి ఉపన్యాసం మొదలుపెట్టాడు. జనమంతా తమ తమ ఫోటోలు వెతుక్కుంటూ గోడకి అటు చివర గుమిగూడారు. ఇటు చివర, కిటికీ పక్కన, మంగతాయారు గారు సింహాద్రిని నిలబెట్టారు. ఆయన గాజుకి ముక్కు ఆనేంత దగ్గరగా వంగాడు. మంచి కంటిని ఒక్కొక్క బొమ్మ మీదికీ జరుపుతున్నాడు.

"ఇది నాను... ఇదేటి, సగమే ఉంది."

"మధ్యలో ఫోటో ఉంది బాబాయ్. బంతి విడిపోయింది," అంటూ ఆవిడ నా వైపు తిరిగారు. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు. డ్రిల్లు టీచరు ఏడుస్తుందని నేననుకోలేదు. "పట్నాయక్ గారూ, ఒక్క నిమిషం. ఆ మధ్య ఫోటో తీసి, ఈ రెండూ ఆనించండి. ఒక్క నిమిషం చూస్తాడు. మళ్ళీ పెట్టేయండి. మీకు దండం పెడతాను."

డైరెక్టరు గారు వేదిక మీద ఉన్నారు. సర్క్యులర్ ఎనిమిది నాకు కంఠతా వచ్చు. ఏ సోదరుని స్థానమూ మార్చరాదు. నాకు సిగ్గేసింది. ఎనిమిది నెలల క్రితం బీరువా నా వెనకాల ఉన్నప్పుడే వెయ్యవలసిన సిగ్గు అది. తాళం తీసి, గాజు తలుపు పక్కకి జరిపి, అసిరయ్య ఫోటో తీసి నా చేతిలో పెట్టుకున్నాను. రెండు కార్డులనూ దగ్గరికి జరిపాను. అంచుకి అంచు ఆనింది. బంతి అయింది. గోడ గడియారం పదకొండూ ఇరవై చూపిస్తోంది.

సింహాద్రి చాలాసేపు చూశాడు. వంకర వేలు బంతి చుట్టూ నెమ్మదిగా తిప్పాడు. బంతి మీదినుంచి వేలు పైకి పోయింది, పురికొస వెంబడి, కార్డు పై అంచు దాకా. అక్కడ ఆగి, అంచు అవతల ఖాళీ గోడను తడిమాడు.

"అసిరిగాడేడి?" అన్నాడు.

"ఇక్కడున్నాడండీ, నా చేతిలో," అన్నాను. "మీకు అడ్డం రాకుండా తీశాను."

"అడ్డమేటి బాబూ!" ఆయన గొంతు పెరిగింది. "మేం ఆటకెల్తే మా మగ్గాల కాడ ఎవుడున్నాడనుకున్నావు? మా ఇద్దరి షిఫ్టులూ ఆడే సేసేవోడు, ఆడి సొంత షిఫ్టుకి తోడు. నేకపోతే మిల్లోడు మమ్మల్ని ఆడనిచ్చునా? ఈ పొటోలు తీసిన్రోజు రేతిరి షిఫ్టు దిగి తిన్నగా టూడియోకి ఒచ్చీసినాడు. బంతి గాల్లో నిలబడతనేదంటే, సంచిలోంచి మిల్లు పురి తీసి ముడేసి, పరదా ఎనకాల బల్లెక్కి పట్టుకున్నాడు. సెయ్యి కదిపితే బొమ్మ సెడిపోద్దన్నాడు పొటోలోడు. అరగంట కదపనేదు. నిలబడే నిద్రోయినాడు, సెయ్యి మాత్రం దించనేదు."

మంగతాయారు గారు చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అరవై ఏళ్ళకు ఆవిడ చిన్నప్పటి ప్రశ్నకు జవాబు దొరికింది.

"ఏడీ, ఇలాగియ్యి," అని సింహాద్రి నా చేతిలోంచి గేటు పాసు ఫోటో తీసుకున్నాడు. తడుముకుంటూ, కలిసి ఉన్న రెండు కార్డులకూ పైన, సరిగ్గా పురికొస చివర ఆనేట్టు పెట్టాడు. "ఇదీ ఆడి సోటు. ఇప్పుడు మూసీయి బాబూ."

నేను గాజు మూసి తాళం వేశాను.

మర్నాడు నాకు మెమో వచ్చింది. మా డైరెక్టరు గారి కన్ను మామూలుది కాదు, నాలుగు వందల పన్నెండు ఫోటోల్లో ఒక్కటి జరిగితే పట్టేశారు. 'సర్క్యులర్ ఎనిమిదికి విరుద్ధముగా, లెంక కుటుంబపు ద్వితీయ కుమారుడు అసిరయ్య, వరుసలో తన స్థానమునందు లేకుండుటకు కారణమేమో ఇరవై నాలుగు గంటలలో లిఖితపూర్వకముగా తెలుపవలెను.'

నేను ముందుగా స్వీకరణ రిజిస్టరు తీసి, 'లోపములు' గడిలో ఉన్న దారాన్ని ఎర్రసిరాతో కొట్టేశాను. తర్వాత తెల్లకాగితం తీసుకుని సమాధానం రాశాను.

'అయ్యా, సదరు అసిరయ్య ఆ సమయమున బంతి పట్టుకొను డ్యూటీపై ఉన్నందున, వరుసలో నిలుచుటకు వీలుపడలేదని మనవి.'

సాయంత్రానికి ఫైలు తిరిగొచ్చింది. కింద డైరెక్టరు గారి పచ్చసిరా సంతకం, దాని పైన ఒకే మాట. 'సమ్మతమే.'